ఎనభై ఏళ్ల వంటింటికి పని చేయించాం: పనితనం బాగుంది, చెప్పిన తేదీలు మాత్రం నమ్మొద్దు

గుంటూరు బ్రాడీపేటలో మా అత్తగారిల్లు. 1941లో కట్టిన మిద్దె, పద్దెనిమిది అంగుళాల గోడలు, వెనక నుయ్యి, నూతి పక్కనే వంటిల్లు. ఈ ఏడాది ఆ వంటింటికి పని చేయించాం. మీకూ గుంటూరులోనో బెజవాడలోనో ఇలాంటి ఇల్లు ఉండి, మాడ్యులర్ కిచెన్ వాళ్ల నంబర్లు వెతుకుతుంటే ముందు ఇది చదవండి. చేసిన మేస్త్రి పేరు రాయను, వద్దని ఆయనే చెప్పాడు. ఒప్పుకున్న పనులకే టైం చాలట్లేదంట (నిజమే, ఆ సంగతి కింద చెప్తా).

ముందు ఒక కిచెన్ కంపెనీ వాళ్లని పిలిచాం. వచ్చిన కుర్రాడు లేజర్ టేపుతో ఐదు నిమిషాల్లో కొలతలన్నీ తీసేసి, ట్యాబ్‌లో రంగుల బొమ్మ చూపించాడు. బొమ్మ బాగుంది గానీ అందులో మా వంటిల్లు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. నేలలో పాతిన రోలు పీకెయ్యాలంట, గోడ అల్మారాలు ఇటుకతో మూసెయ్యాలంట, మాచర్ల బండల మీద టైల్స్ పరిచి, టేకు దూలాలు కనపడకుండా ఫాల్స్ సీలింగ్ కొట్టాలంట. మొత్తం 4 లక్షల 80 వేలు. మా అత్తయ్య అంతా ఓపిగ్గా విని, "ఇంతకీ ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతావు నాయనా?" అని అడిగింది. "టాల్ యూనిట్ ఇస్తామండీ" అన్నాడు. చూస్తే అరకీ అరకీ మధ్య 14 అంగుళాలు. మా పెద్ద జాడీ ఎత్తే 18. ఆ మాట అక్కడితో అయిపోయింది.

తర్వాత మా ఆయన స్నేహితుడు చెబితే ఈ మేస్త్రి దొరికాడు. పాత గుళ్లకీ సత్రాలకీ సున్నం పని చేసే మనిషి. ఆయన వచ్చిన రోజు అసలు టేపే తీయలేదు. సింకు పక్కన గోడని మేకుతో గీకాడు. అక్కడ మా మామయ్యగారు ఎప్పుడో సిమెంటు పూత వేయించారు, ఏటా ఉబ్బి పెచ్చులూడుతుంటే మేం ఏటా పెయింట్ వేస్తూ వచ్చాం. ఆయన గీకితే అరచేయంత పెచ్చు ఊడి కింద పడింది, దాని వెనక తెల్లగా ఉప్పు పూసి ఉంది, లోపలి ఇటుక వేలితో నొక్కితే పొడైపోయింది. "సున్నం గోడమ్మా ఇది. లోన చెమ్మ బయటికి వస్తా పోతా ఉండాల. మీద సిమెంటు కొట్టి మూసేస్తే ఎటు పోద్ది? ఇటుకని తింటది" అన్నాడు. ఫాల్స్ సీలింగ్ సంగతి అడిగితే నవ్వాడు. మాది మద్రాసు టెర్రస్ కప్పు, అంటే టేకు దూలాల మీద నిలువుటిటుకలు, వాటి మీద సున్నం కాంక్రీటు. దాన్ని కప్పేస్తే కారేదీ తెలియదు, చెద పట్టేదీ తెలియదు, దూలం కూలబోయే ముందు రోజు తెలుస్తుంది అన్నాడు. ఆ మాటతో మా ఆయన అడ్వాన్సు ఇచ్చేశాడు.

సిమెంటు మొత్తం కొట్టించి, సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి పూత వేశారు. ఇదంతా నిదానంగా జరిగే పని. సిమెంటులా రెండు రోజుల్లో గట్టిపడదు, గాలి తగిలి మెల్లగా బిగుసుకుంటుంది, ఈలోపు తడుపుతూ ఉండాలి. మూడు వారాలు హాల్లో ఒంటి పొయ్యి మీద వంట. పక్కింటి వాళ్లు పెట్టిన పులిహోర ఎన్నిసార్లు తిన్నామో లెక్క లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం అరల పని. పాత సున్నం గోడకి బోల్టులు కొట్టి బరువైన డబ్బాలు వేలాడదీయకూడదని పైన క్యాబినెట్లు అసలు పెట్టలేదు. దానికి బదులు గోడలో ఉన్న అల్మారాలు శుభ్రం చేసి, పాత టేకు తలుపులకే పట్నం బజారులో ఇత్తడి బందులు తెచ్చి బిగించాడు వడ్రంగి ఆచారి గారు. ఒక తలుపు మీద మా ఆయన చిన్నప్పుడు మేకుతో చెక్కుకున్న పేరు ఉంది, దాన్ని రందా పట్టకుండా అలాగే వదిలేశారు, ఎవరూ చెప్పకుండానే. కింద అరలు గోడకి ఆనకుండా రెండంగుళాలు ఎడంగా, స్టీలు కాళ్ల మీద నిలబెట్టారు. గోడకి గాలి తగులుతుంది, నేల కడిగినా చెక్కకి తడి అంటదు.

గట్టు మీదకి నేను కడప రాయి వేద్దామన్నాను, పాత ఇంటికి అందం అని. మేస్త్రి ఒప్పుకోలేదు. అది సున్నపు రాయి, చింతపండు పులుసో నిమ్మరసమో పడితే మచ్చ తింటుంది, గట్టుకి నల్ల గ్రానైట్ వేసి కడప రాయి అరలకి వాడండి అన్నాడు. అలాగే చేశాం. గట్టు రెండు ఎత్తుల్లో కట్టించాం, స్టవ్ వైపు నాకు 34 అంగుళాలు, కూరలు తరిగే వైపు అత్తయ్యకి 31. కిటికీ కింద గట్టు ఆపేసి రోటికి చోటు వదిలారు. గోంగూర ఇప్పటికీ అక్కడే నూరుతుంది ఆవిడ, పీకెయ్యమన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని మరీ.

చిమ్నీ గొట్టానికి గోడకి కొత్తగా బెజ్జం కొట్టలేదు. కట్టెల పొయ్యి రోజుల నాటి పొగ గూడు ఉంది కదా, అందులోంచే ఆరంగుళాల గొట్టం పంపించారు. ఒకటే వంపు, పొగ బాగా లాగుతుంది. కాకపోతే బయటి మూతికి జాలీ వెయ్యడం మర్చిపోయారు. వారానికే పావురం దూరింది. రాత్రి పదకొండింటికి చిమ్నీలోంచి రెక్కల చప్పుడు వస్తుంటే మా చిన్నది దెయ్యమని ఏడుపు.

ఇక అసలు బాధ. చివరి రోజు నేల మీద సిమెంటు మరకలు పోవాలని హెల్పర్ కుర్రాడు మాచర్ల బండల మీద యాసిడ్ పోశాడు. అవి కూడా సున్నపు రాళ్లే. బుసబుస నురగ వచ్చింది, నేను అరిచేలోపే రెండు బండలు పాలిపోయి గరుకు తేలాయి. మేస్త్రి పరుగున వచ్చి బకెట్లతో నీళ్లు కొట్టి, మర్నాడు తనే కూర్చుని రాయితో అరగదీసి పాలిష్ పట్టాడు, దానికి డబ్బులు తీసుకోలేదు. అయినా తెలుస్తుంది. ఎనభై ఏళ్లు బాగున్న బండలు. ఇప్పుడు వాటి మీద బియ్యం డ్రమ్ము పెట్టాను.

వైరింగ్ అంతా గోడ చెక్కకుండా బయటి పైపుల్లోనే వేశారు. ఫ్రిజ్‌కీ, ఓవెన్‌కీ, గీజర్‌కీ విడిగా లైన్లు, కొత్తగా ఎర్తింగ్. చూడ్డానికి కొంచెం ఫ్యాక్టరీలా ఉంటుంది, వచ్చిన చుట్టాలు "డబ్బులు చాల్లేదా అమ్మాయ్" అని అడుగుతున్నారు. నాకైతే ఇబ్బంది లేదు.

మొత్తం 3 లక్షల 90 వేలు అయింది. 45 రోజులన్నారు, 81 రోజులు పట్టింది. మధ్యలో ఏదో గుడి పని వచ్చిందని తొమ్మిది రోజులు మనిషే లేడు, ఫోన్ ఎత్తడు. ఇంట్లో పెళ్లో సంక్రాంతో పెట్టుకుని ఇలాంటి పని మొదలుపెట్టకండి. పేరు అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, మీ ఊళ్లో పాత గుడికి సున్నం పని చేసిందెవరో కనుక్కోండి, అలాంటి మనిషి దొరికితే వదలొద్దు. ముందే కాగితం మీద రాయించుకోండి: యాసిడ్ వాడకూడదు, జాలీ వెయ్యాలి.

ఐదుకి నాలుగు ఇస్తాను. యాసిడ్‌కి అర, తేదీలకి అర తగ్గించాను. మిక్సీ ప్లగ్గు సరిగ్గా ఆ బియ్యం డ్రమ్ము వెనక వచ్చింది, దోసెల పిండి రుబ్బాలంటే ముందు డ్రమ్ము జరపాలి. ఆదివారం వచ్చి మారుస్తానన్నాడు మేస్త్రి. ఆదివారాలు మూడు అయ్యాయి.