డెంటల్ కాలేజీ ఓపీ: ఆరేళ్ల తర్వాత నా మాట

ఫీజు తక్కువ, టైము ఎక్కువ అని అందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. తిరుపతి వైపు ఒక డెంటల్ కాలేజీలో ఆరేళ్లుగా ఇంటిల్లిపాదికీ పళ్ల పని చేయించాక నాకు మిగిలిన అసలు కోపం ఒక్కటే: రూట్ కెనాల్ సగంలో ఉండగా మనకు పని చేస్తున్న విద్యార్థి పోస్టింగ్ (ఒక్కో డిపార్ట్‌మెంట్‌లో కొన్నాళ్లు పనిచేసే వంతు) మారిపోవడం.

దవడ పన్నుకు అక్కడ మూడు నాలుగు సిట్టింగులు పడతాయి. మొదట మత్తిచ్చి, పన్ను తెరిచి నరం తీస్తారు. ఎక్స్‌రే చూసి వేరు లోపలి ఒక్కో కాలువ పొడవు కొలుస్తారు. సూదుల్లాంటి సన్నటి ఫైళ్లతో గీకి, క్రిములను చంపే హైపోక్లోరైట్‌తో కడిగి, కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి, పైన టెంపరరీ ఫిల్లింగ్‌తో మూస్తారు. చిక్కంతా ఈ ఫిల్లింగ్‌తోనే. అది కొద్ది రోజుల కోసం వేసేది. మా ఇంట్లో ఒక కింది దవడ పన్నుకు ఇది వేశాక సంక్రాంతి సెలవులు, ఆ వెంటనే విద్యార్థికి పరీక్షలు, ఆపైన వేరే డిపార్ట్‌మెంట్‌లో పోస్టింగ్. ఆరు వారాలు గడిచేసరికి ఫిల్లింగ్ అంచు అరిగి లోపలికి ఉమ్మి దిగింది. కేసు తీసుకున్న కొత్త అమ్మాయి కేసు షీటు తిప్పి చూస్తే కాలువల పొడవే రాసిలేదు. మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ కొలత, మళ్లీ మొదటి నుంచి శుభ్రం చేయడం. నొప్పి లేదు కదా అని అన్నాళ్లు ఊరుకోవడం వల్లే అంత దూరం వచ్చింది. నరం తీసిన పన్ను చాలాసార్లు నొప్పి తెలియనివ్వదు, వేరు కింద చీము పట్టాకే బయటపడుతుంది.

తప్పు ఆ పిల్లలది అనను. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి కేసు అప్పగించే పద్ధతే అక్కడ సరిగ్గా లేదు. అందుకని రోగే జాగ్రత్త పడాలి. మొదటి రోజే "మీ పోస్టింగ్ ఎప్పటిదాకా?" అని అడగండి. ఒక్కో కాలువ ఎన్ని మిల్లీమీటర్లో, పన్ను మీద ఏ మొన నుంచి కొలిచారో షీటులో రాయించి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆ మొన పేరు లేకపోతే అంకె ఉన్నా పనికిరాదు. విద్యార్థుల పని చూసే డాక్టర్లలో (స్టాఫ్) ఎవరు సైన్ చేశారో కూడా చూసుకోండి, విద్యార్థి మారినా అడగడానికి ఒక మనిషి ఉంటారు. రెండు మూడు వారాలు దాటినా ఫోన్ రాకపోతే ఎదురుచూడొద్దు, నేరుగా డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి ఫిల్లింగ్ అయినా మార్పించుకోండి.

ప్రతి మెట్టుకీ స్టాఫ్ సైన్ కావాలనడం మంచిదని ఇదివరకు చాలామందికి చెప్పాను. ఇప్పటికీ మంచిదే. కాకపోతే సైన్ కోసం ఆగే టైములో మత్తు దిగిపోతుంది. పెదవి మూడు గంటలు మొద్దుగా ఉన్నా, పన్ను లోపలి మత్తు దాదాపు గంటకే తగ్గడం మొదలవుతుంది. పెదవి మొద్దుగా ఉంది కదా అని ఓర్చుకోకండి, చురుక్కుమంటే చెయ్యెత్తి ఇంకో డోసు అడగండి. స్టాఫ్ భోజనానికి వెళ్లే టైముకు ముందు ఇంజెక్షన్ వద్దనడమే మేలు.

కట్టుడు పళ్ల దగ్గర మాత్రం నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. ఐదారు సార్లు తిప్పుతారు గానీ, చిగుళ్ల రెండో అచ్చు తీసేటప్పుడు ట్రే అంచుకు వేడికి మెత్తబడే గ్రీన్ స్టిక్ అనే పదార్థం కరిగించి పెట్టి, పెదవులు సున్నాలా చుట్టమని, నాలుక చాపమని, నోరు బాగా తెరవమని ఓపిగ్గా చేయిస్తారు. ఆ అంచు కుదిరితేనే కింది సెట్టు మాట్లాడేటప్పుడు లేవదు. తొందరలో దీన్ని దాటేసిన సెట్లు ఎలా ఉంటాయో వాడినవాళ్లకు తెలుసు. పుండు పడితే చూపించడానికి వెళ్లే ముందు ఒక రోజు సెట్టు పెట్టుకునే ఉండండి. ఎర్రబడ్డ చోటు కనిపిస్తేనే సరిగ్గా అక్కడే సెట్టును అరగదీస్తారు, లేకపోతే ఊహించి అరగదీయాల్సి వస్తుంది.

క్లీనింగ్, పన్ను పీకడం, సెట్టు, ముందు పళ్ల రూట్ కెనాల్: వీటికి నేను మళ్లీ అక్కడికే వెళ్తాను. దవడ పన్నుకైతే పీజీ (డిగ్రీ అయ్యాక పై చదువు చదివే డాక్టరు) దగ్గరే. ఊళ్లోనే ఉంటాం, పొద్దున ఖాళీ దొరుకుతుంది కాబట్టి మాకు ఇది కుదిరింది. పలమనేరు నుంచో సత్యవేడు నుంచో కూలి మానుకుని వచ్చేవాళ్లు నాలుగు సిట్టింగులకు బస్సు చార్జీ, పోయే కూలి లెక్కేసి, ఊళ్లో డాక్టరు ఎంత అడుగుతున్నారో పక్కన పెట్టి చూసుకోండి. చాలాసార్లు తేడా అనుకున్నంత ఉండదు.