ఎండ మచ్చలకు రెండేళ్ళు వాడిన క్రీములు: ఏది పనిచేసింది, ఏది దండగ

ఒడిశాలోని మా కోరాపుట్‌లో ఎండ దొంగలాంటిది. ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, గాలి చల్లన, అందుకని ఒళ్ళు మాడుతున్నట్టు తెలియదు. మచ్చలు తెచ్చేది వేడి కాదు, అతినీలలోహిత కిరణాలు. వెయ్యి మీటర్లు పైకెక్కితే అవి పది శాతం పైన పెరుగుతాయి. కొండ కింది జయపురంలో గొడుగేసుకున్నవాళ్ళే ఘాటీ దారి ఎక్కగానే దాన్ని మడిచి సంచిలో పెడతారు. పైగా మే నడుమ ఒకసారి, జులై ఆఖర్లో ఒకసారి సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికొస్తాడు. జులైలో మబ్బే కదా అనుకోవద్దు, పల్చటి మబ్బు ఆ కిరణాలను పెద్దగా ఆపదు. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ గట్టిదే.

ఏ క్రీమైనా కొనేముందు మచ్చ మీద గోరు ఆనించి చూడండి. నున్నగా, చర్మంతో సమంగా, అంచు తెలిసేలా గోధుమరంగులో ఉంటే ఎండ మచ్చ. కణతల మీదా, బుగ్గ ఎముకల మీదా, చేతుల వెనకా వస్తుంది. రెండు బుగ్గల మీదా ఒకేలా పొగచూరినట్టు పరుచుకుంటే అది మంగు, దానికి హార్మోన్లూ, పొయ్యి సెగా కూడా తోడవుతాయి. గోరుకు గరుకుగా తగిలి, మైనం అంటించినట్టు పైకి లేచి ఉంటే ఏ క్రీమూ దాన్ని కదపదు. డాక్టరు చేత తీయించుకోవాల్సిందే. వాటిమీద జీడి రసం పెట్టే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. ఆ రసం చర్మాన్ని కాలుస్తుంది, కాలిన చోట మొదటి మచ్చకన్నా నల్లటి మచ్చ నెలల తరబడి ఉండిపోతుంది.

రెండేళ్ళలో ఎక్కువ మేలు చేసింది మచ్చల క్రీము కాదు, సన్‌స్క్రీన్. అదీ కొలత సరిచేశాకే. చూపుడు వేలు, నడిమి వేలు మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ చెవులకీ సరిపోతుంది, సుమారు గ్రాము. పొద్దున ఒకసారి, మళ్ళీ బయట ఉంటే రెండు గంటలకోసారి. రోజుకి రెండుసార్లే అనుకున్నా 50 గ్రాముల ట్యూబు నెల తిరక్కుండా అయిపోవాలి. అది మూడు నెలలు వచ్చిందంటే పొదుపు చేసినట్టు కాదు, రాయనట్టే. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ 50 అన్న అంకె, అంటే ఎండను ఎంత ఆపుతుందో చెప్పేది, నిండు కొలతకే వర్తిస్తుంది. నిండుగా రాస్తే 30 కూడా తక్కువది కాదు. చర్మాన్ని మండించే కిరణాల్లో 30 ఆపేది 97 శాతమైతే 50 ఆపేది 98.

మన రంగు చర్మానికి ఇంకో చిక్కుంది. కంటికి కనపడే వెలుతురు కూడా మచ్చను, ముఖ్యంగా మంగును, ముదురు చేస్తుంది. తెల్లటి సన్‌స్క్రీన్లు దాన్ని పెద్దగా ఆపవు. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమ రంగువి ఆపుతాయి. తెల్లదాన్నుంచి రంగుదానికి మారాక మూడో నెలలో తేడా కనిపించింది. చెమటకి కాలరుకు అంటుతుంది, అదొక్కటే విసుగు. కిటికీ అద్దం మాటా చెప్పాలి: మండించే కిరణాలను చాలావరకు ఆపుతుంది కానీ లోతుకు పోయేవాటిని రానిస్తుంది. అరకు మీదుగా వచ్చే రైల్లో లోయ చూడ్డానికి కిటికీ పక్కన కూర్చునేవాళ్ళు ఆ వైపు బుగ్గను మరిచిపోకండి.

రాత్రి మందుల్లో నా ఓటు మచ్చ రంగు తగ్గించే అజెలాయిక్ ఆసిడ్ 20 శాతం క్రీముకి. బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పల్చగా రాయాలి. మొదటి మూడు వారాలు చీమలు పాకినట్టు పావుగంట దురద. రోజు విడిచి రోజు మొదలుపెట్టి, ముందు మాయిశ్చరైజర్ రాసుకుంటే ఓర్చుకోవచ్చు. ఎనిమిది వారాల దాకా ఏమీ కనపడదు. రంగు ఉన్న కణాలు పైకొచ్చి రాలాలి, వయసు పెరిగేకొద్దీ ఆ రాలడమే నెమ్మదిస్తుంది. చాలామంది ఆరో వారంలో ట్యూబు పారేసేది ఇది తెలియకే. తర్వాత విటమిన్ ఎ జాతి మందు అడాపలీన్ 0.1 శాతం వారానికి మూడు రాత్రులు చేర్చాను, అజెలాయిక్ రాయని రాత్రుల్లో. ముక్కు మడతలు, పెదవి చివర్లు, కంటి మూలలు తప్పించకపోతే పొట్టు లేస్తుంది, ఆ మంట మళ్ళీ నలుపు తెస్తుంది. గర్భిణులు అడాపలీన్ ముట్టకూడదు.

విటమిన్ సి సీరం మాత్రం దండగ. ఏప్రిల్ వేడికి రెండు నెలల్లో టీ రంగుకు తిరిగింది. ఆ రంగొచ్చిందంటే మందు చచ్చినట్టే. నిమ్మరసం పూసి ఎండలోకి వెళ్ళడం ఇంకా అన్యాయం: నిమ్మలోని పదార్థం ఎండతో కలిసి బొబ్బలెక్కిస్తుంది.

ఇక మందుల షాపులో చీటీ అడక్కుండా ఇచ్చే ‘మూడు మందుల’ క్రీము. అందులో రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, అడాపలీన్ జాతిదే అయిన ట్రెటినాయిన్‌తో పాటు మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. పది రోజుల్లో ముఖం తళతళలాడుతుంది, అందుకే అందరూ మెచ్చుకుంటారు. నెలలు గడిస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలూ నూగు వెంట్రుకలూ వస్తాయి, ఆపితే ముఖం భగ్గుమంటుంది. పెట్టె మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ పేర్లలో ఏది కనిపించినా డాక్టరు చెప్పకుండా వాడొద్దు. ఇప్పటికే ఏడాదిగా రాస్తున్నవాళ్ళు ఒక్కసారిగా మానకుండా డాక్టరు చూపిన పద్ధతిలో తగ్గించుకోవాలి. ఒట్టి హైడ్రోక్వినోన్ కూడా మూడు నెలలు దాటితే విరామం కావాలి. ఏళ్ళ తరబడి రాస్తే నీలి నలుపు దిగొచ్చు, అది ఓ పట్టాన పోదు. సంతలో పేరూ చిరునామా లేని డబ్బాల్లో అమ్మే తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండొచ్చు.

లేజరు తొందరగా పనిచేస్తుంది, కానీ మన చర్మంలో కాలిన మచ్చ మిగిల్చే ప్రమాదం ఎక్కువ. ముందు చెవి దగ్గర చిన్న చోట చేయించి నెల చూడకుండా ముఖమంతా ఒప్పుకోవద్దు. మచ్చ అంచు వంకరగా ఉన్నా, రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్లు దాటి పెరుగుతున్నా, రక్తం వచ్చినా, అరిచేతిలో, అరికాలిలో, గోరు కింద కొత్త నల్లగీత కనిపించినా క్రీము పక్కన పెట్టి బరంపురం మెడికల్ కాలేజీలోనో, ఇంకెక్కడైనానో చర్మ డాక్టరుకు చూపించాలి.

లెక్క ఇదీ: కణతల మీది మచ్చలు ముప్పాతిక వంతు తగ్గాయి, నెలనెలా అదే కిటికీ దగ్గర పొద్దున ఎనిమిదింటికి తీసిన ఫొటోల్లో తెలుస్తోంది. చేతుల వెనకవి సగం కూడా తగ్గలేదు. గిన్నెలు తోమిన ప్రతిసారీ సన్‌స్క్రీన్ కొట్టుకుపోతుంది, బండి హ్యాండిలు మీద ఎండ నేరుగా పడుతుంది. ఈ ఎండాకాలం నుంచి బండి మీద ముదురు రంగు నూలు చేతొడుగులు మొదలయ్యాయి, వేళ్ళ కొసలు మాత్రం బయటే.