మా తోటకొచ్చే దింపు ముఠా, వాళ్ల మేస్త్రి

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి తోట ఉండి, మంచి దింపు ముఠా, అంటే చెట్టెక్కి కాయలు దించే జట్టు, కోసం వెతుక్కుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోనసీమలో ఇప్పుడు చెట్టెక్కేవాళ్లు దొరకడమే కష్టం, దొరికినవాళ్లలో మళ్లీ ఎంచుకోవడమేమిటి అంటుంది మా ఆడపడుచు. ఎంచుకోవాలనే నేనంటాను. ముందుగా చూసుకోవాల్సింది వాళ్లని తీసుకొచ్చే మేస్త్రిని.

మాది రెండెకరాల లోపు తోట. 1996 నవంబరు తుఫానుకి పాత చెట్లు చాలా వరకు పడిపోతే మా మామయ్యగారు మళ్లీ వేయించినవే ఇప్పుడు కాస్తున్నాయి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక తోట పని నా చేతికొచ్చింది. అప్పట్లో వచ్చే ముఠా వేరు. పని చకచకా అయిపోయేది, కూలీ తక్కువే. కానీ ఏ తేడా వచ్చినా వాళ్ల మేస్త్రిది ఒకటే మాట: "కుర్రోళ్లండి, నా మాట ఇంటారేటండి!" కుర్రాణ్ణి అడిగితే మేస్త్రి కొయ్యమన్నాడండి అనేవాడు. ఇద్దరి మధ్యా నష్టం నా నెత్తిన పడేది.

కొబ్బరి సంగతి తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. చెట్టు ఇంచుమించు నెలకో గెల వేస్తుంది. అందుకని ఒకే చెట్టు మీద పిందె గెల నుంచి ముదురు గెల దాకా అన్ని వయసులవీ ఉంటాయి. కాయ బాగా ముదరాలంటే 11, 12 నెలలు పడుతుంది. మేం 45 రోజులకో రెండు నెలలకో దింపు తీయిస్తాం కాబట్టి ఒక్కో చెట్టు నుంచి దిగాల్సింది ఒకటో రెండో గెలలు. దాని పక్క గెల కింద నుంచి చూస్తే నాకూ అలాగే కనిపిస్తుంది. పైన మట్టల మధ్య ఉన్నవాడే కత్తి వీపుతో కాయ మీద కొట్టి, చప్పుడు విని, తొక్క రంగు చూసి తేల్చుకోవాలి. వాడి చెయ్యి ఒక్క గెల అవతలికి పోయిందంటే ఆ కాయలకి సరైన ధర రాదు. కురిడీకి, అంటే కాయలోనే ఎండబెట్టే కొబ్బరికి, అసలే పనికిరావు, అటక మీద నెలల తరబడి నిలవేస్తే కుళ్లిపోతాయి. పైన ఏం జరిగిందో చూసినవాళ్లుండరు. కిందున్న మేస్త్రి ఊరుకుంటే లేత కాయ కుప్పలో కలిసిపోతుంది, బయటపడేది ఒలుపు దగ్గరే.

ఇప్పుడొచ్చే మేస్త్రి మొదటి ఏడాదిలోనే అలాంటిది జరిగింది. మధ్యాహ్నం పని ముగించి అందరూ కాలవ గట్టు మీద కూర్చున్నారు. ఈయన ఒక్కడే ఒక కాయ చేత్తో పట్టుకుని అరుగు దగ్గరికొచ్చాడు. నా ఎదురుగానే నరికాడు. లోపల కొబ్బరి గోటితో గీకితే ఊడొచ్చేంత పల్చగా ఉంది.

"టీచరుగారండీ, కాలవ వైపు మూడు చెట్ల మీద ముదరని గెలలు దిగిపోయినయ్యండి. ఆ కాయలు ఏరించి పక్కన పెట్టించాను. లెక్క చూసుకుని మా కూలీలో తగ్గించుకోండి."

"ఎక్కింది ఎవరు మేస్త్రీ?"

"నా ముఠాయేనండి."

మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పాడు. వెనకాల గట్టు మీద తలొంచుకుని కూర్చున్న కుర్రాణ్ణి చూస్తే ఎవరో నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆయన నోటెంట ఆ పేరు రాలేదు. కూలీ మా అరుగు మీదే పంచాడు. నేను తగ్గించిన డబ్బు తన వాటాలోంచే తీసుకున్నాడు, ఆ కుర్రాడితో సహా అందరికీ పూర్తిగా ముట్టజెప్పాడు. తర్వాత ఆ కుర్రాణ్ణి పిలిచి కాయల కుప్ప దగ్గర కూర్చోబెట్టాడు. ముదురు కాయ ఒకటి, ఏరి పెట్టిన లేత కాయ ఒకటి ముందు పెట్టి, కత్తి వీపుతో దీని మీద ఓసారి, దాని మీద ఓసారి కొట్టించి వినమన్నాడు. కళ్లు మూసుకుని చెప్పమన్నాడు. తిట్టలేదు. నలుగురి ముందూ పరువు తీయలేదు. తర్వాతి దింపుకి ఆ కుర్రాణ్ణి పొట్టి చెట్లకే పంపి, పక్క చెట్టు మీద పెద్దవాణ్ణి ఉంచాడు. కొయ్యబోయే ముందు వాడు కేకేసి అడగాలి, పెద్దవాడు ఆయ్ అనాలి. ఇప్పుడు మా తోటలో ఎత్తు చెట్లు ఎక్కేది ఆ కుర్రాడే.

నష్టం కట్టేవాళ్లు ఇంకొందరుంటారేమో. తప్పు తనదని ఒప్పుకున్నాక, అది మళ్లీ జరక్కుండా తన పద్ధతి మార్చుకోవడం నేనీయన దగ్గరే చూశాను.

హైస్కూల్లో ఉన్నన్నాళ్లూ పదో తరగతి ఫలితాల రోజు నేను చూసింది దీనికి తలకిందులు. మంచి శాతం వస్తే స్కూళ్ల పెద్దలు మా స్కూలు, మా ప్లానింగ్ అనేవాళ్లు. తగ్గితే లెక్కల మాస్టారు సరిగా చెప్పలేదనో, ఇంగ్లీషు టీచరు సెలవులెక్కువ పెట్టారనో అనేవాళ్లు. పై ఆఫీసు మీటింగుల్లో ఆ మాటలు వింటుంటే కడుపు రగిలిపోయేది. పిల్లలకి నేను లాల్ బహదూర్ శాస్త్రిగారి సంగతి చెప్పేదాన్ని. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగి వంద మందికి పైగా పోతే, రైల్వే మంత్రిగా ఆయన రాజీనామా ఇచ్చారు. నెహ్రూగారు తీసుకోలేదు. నవంబరులో తమిళ దేశంలోని అరియలూరు దగ్గర వంతెన కూలి ఇంకో ఘోర ప్రమాదం జరిగింది. ఆయన మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి ఆమోదించక తప్పలేదు. వంతెన కట్టింది ఆయన కాదు, రైలు నడిపిందీ ఆయన కాదు. ఆ శాఖకి పెద్ద తను గనక ఆ భారం తనదనుకున్నారు. మా మేస్త్రి చదివింది ఏడో తరగతి. "నా ముఠాయేనండి" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పాఠమే, అందుకే ఇంత పెద్ద సంగతి ఇక్కడ చెబుతున్నాను.

ఇంకోసారి గెల జారి పక్కవాళ్ల పశువుల పాక రేకు పగిలింది. వాళ్లు ఊళ్లో లేరు. సాయంత్రం వాళ్లొచ్చేసరికి కొత్త రేకు వేయించి, పాత రేకు ముక్కలు చూపించి మరీ చెప్పాడు. అప్పట్నుంచి ఇళ్ల వైపు చెట్లకి గెల కోసి వదిలేయడం లేదు, తాడు కట్టి దించుతున్నారు. టైమెక్కువ పడుతుంది, పడనివ్వండి.

మనుషుల విషయంలో ఆయన పట్టుదల గురించి చెప్పాలి. చెట్టు తడిగా ఉంటే ఎక్కనివ్వడు. వ్యాపారి లారీ గేటు ముందు నిలబడి హారన్ కొట్టినా సరే, నేను చెప్పినా సరే. పొద్దున్నే పని మొదలయ్యే ముందు ఒక్కొక్కరి మోకూ, కాళ్ల బందం తనే లాగి చూస్తాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ల కేర సురక్ష బీమాలో ముఠాలో అందరినీ చేర్పించాడు. చెట్టెక్కేవాళ్ల కోసమే ఉన్న పథకం అది, ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే భరిస్తుంది. ఇది చదివే మేస్త్రులుంటే దయచేసి మీవాళ్లని కూడా చేర్పించండి. తోటలున్న మనం కూడా పనికి పిలిచే ముందు బీమా ఉందా అని ఒక్క మాట అడగాలి. చెట్టు మీద నుంచి పడ్డవాడి ఇల్లు ఏమైపోతుందో ఈ సీమలో అందరికీ తెలుసు.

లోపాలు లేకపోలేదు. చెట్టుకి మిగతావాళ్ల కంటే రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు, బేరానికి దిగడు. చెప్పిన రోజుకి రావడం తక్కువ. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది, వ్యాపారితో మాట్లాడుకునేటప్పుడు అది చూసుకోండి. లెక్క కాగితం మీద ఉండదు, అంతా నోటి లెక్కే. అందుకని నేనే పుస్తకం పెట్టి చెట్ల వరస ప్రకారం రాసుకుంటున్నాను. మొవ్వు, అంటే చెట్టు తల భాగం, శుభ్రం చేయడం కూడా అన్ని చెట్లకీ ఒకేలా ఉండదు. ఎత్తు చెట్ల మీద ఎండు మట్టలు సగం వదిలేస్తారు. అలా వదిలితే కొమ్ము పురుగు వచ్చిన కన్నం కనపడదు. కొత్త ఆకు విచ్చుకుని, కత్తెరతో కోసినట్టు కనిపించేదాకా సంగతి తెలియదు. ఈ విషయం గట్టిగానే చెప్పాను. "మా లోపమేనండి, చూయించండి, మళ్లీ ఎక్కిస్తాను" అన్నాడు, ఎక్కించాడు కూడా, అదనంగా పైసా అడక్కుండా. అయినా ప్రతిసారీ చెప్పించుకుంటున్నారు, అందుకని ఈ ఒక్క పని దగ్గర మార్కులు తగ్గిస్తున్నాను.

పేరు, నంబరు ఇక్కడ పెట్టొద్దన్నాడు. ఉన్న తోటలకే మనుషులు చాలడం లేదట. అంబాజీపేటలో కొబ్బరి కొట్ల దగ్గర, తడి చెట్టు ఎక్కించని మేస్త్రి ఎవరని అడగండి, చూపిస్తారు. ఫోను పొద్దున్న ఆరులోపు చేయాలి, తర్వాత ఎత్తడు. మీ తోటలో కరెంటు తీగకి దగ్గరగా ఉన్న చెట్లుంటే ముందే చెప్పండి, ఆయన వచ్చి చూసుకున్నాకే ఒప్పుకుంటాడు. కార్తీక మాసానికి కాయ కావాలంటే దసరాలోపే మాట్లాడుకోండి.