కాయిన్లు కొనే ముందు మూడో లోకం దాకా చూడండి

ఒక లోకం నుంచి మరో లోకానికి వెళుతూ, అక్కడి విలన్‌ను మంచి దారికి తెచ్చే నాయికల చైనా వెబ్ నవలలను యాప్‌లలో డబ్బు పెట్టి చదివేవారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. అలాంటి ఒక నవల ఇంగ్లీషు అనువాదం కోసం నేను ఒకేసారి 3,000 కాయిన్లు, అంటే అధ్యాయాలు తెరవడానికి యాప్‌లో డబ్బుకు బదులు చెల్లే టోకెన్లు, కొన్నాను. వాటిలో సగానికి పైగా చదవడానికి వీలుకాని అధ్యాయాలకే పోయాయి.

చైనాలో ఈ తరహా కథలను క్వాయ్‌చువాన్ అంటారు. నాయికతో మాత్రమే మాట్లాడే ఒక సిస్టమ్, అంటే కంప్యూటర్ ఆటలోలాగా పనులు అప్పగించే కనిపించని గొంతు, ఆమెను ఏదో ఒక కథలోకి పంపి, అక్కడి విలన్ మనసులోని కసిని అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకె సున్నాకు దిగితే ఆ లోకం ముగిసి మరొకటి మొదలవుతుంది. పేరుకు నవల ఒకటే అయినా, లోపల ఉండేవి విడివిడి కథలు. నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే. ఉచితంగా ఇచ్చిన మొదటి 40 అధ్యాయాలలో మొదటి లోకం పూర్తిగా ముగిసింది, అనువాదం కూడా చక్కగా ఉంది. రేపటి నియంత కాబోయే పిల్లవాడిని చలిగదిలో బంధిస్తే, నాయిక అతనికి నీతులు చెప్పకుండా రోజూ సాయంత్రం కిటికీ దగ్గర ఒక వేడి గిన్నె పెట్టి వెళ్లిపోతుంది. పదకొండో రోజున ఆ గిన్నె కడిగి బోర్లించి ఉంటుంది. ఆ ఒక్క దృశ్యం చూసే కాయిన్లు కొన్నానని ఒప్పుకోవాలి.

రెండో లోకం 117వ అధ్యాయంతో ముగిసింది. 118 నుంచి మనిషి చేసిన అనువాదం ఆగిపోయి, యంత్రం చేసినది మొదలైంది, కానీ ఆ సంగతి యాప్‌లో ఎక్కడా రాయలేదు. తెలుగులో మనం కర్తను వదిలేసినా ‘అన్నాడు’, ‘అన్నది’ అంటూ క్రియ ఆ లోటు తీరుస్తుంది. చైనీస్ క్రియకు అలాంటి గుర్తు ఉండదు కనుక, కర్త లేని ప్రతి వాక్యంలోనూ అతడో ఆమెో యంత్రం ఊహించి రాస్తుంది. దానితో ఒకే పేరాలో విలన్ మూడుసార్లు ఆడమనిషి అయ్యాడు. లిన్ అనే ఇంటిపేరుకు అడవి అని అర్థం ఉన్నందువల్ల ‘అడవిగారు తలుపు తెరిచారు’ అనే ధోరణిలో వాక్యాలు వచ్చాయి. కసి పెరగడాన్ని చైనీస్‌లో నల్లబడటం అనే అర్థమిచ్చే మాటతో చెబుతారు. ఇక్కడ పాపం ఆ విలన్ ముఖం 87 శాతం నల్లగా మారిపోయింది.

అయినా నేను 290వ అధ్యాయం దాకా వెళ్లాను. అన్ని లోకాల విలన్లూ ఒకే ఆత్మ ముక్కలని ఈ కథల్లో తరచుగా చివరికి తేలుతుంది కాబట్టి, వచ్చే లోకమైనా బాగుంటుందేమోనన్న ఆశ వదలదు. పైగా తరువాతి అధ్యాయాన్ని దానంతటదే కొనేసే ఆటో అన్‌లాక్ ముందే ఆన్‌లో ఉండటంతో, కొత్త అధ్యాయానికి వెళ్లిన ప్రతిసారీ అడగకుండానే 9 కాయిన్లు పోయాయి. పాడైన 173 అధ్యాయాలకు 1,557 కాయిన్లు ఖర్చయ్యాయి. వాపసు అడిగితే, ఒకసారి తెరిచిన అధ్యాయానికి కాయిన్లు తిరిగి ఇవ్వడం తమ నిబంధనలలో లేదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

కొనదలచినవారు ముందు మొత్తం ఖర్చు లెక్క వేసుకోవాలి. వెయ్యి అక్షరాలకు ఇంత అని వసూలు చేసే పద్ధతిని చైనాలో ఛీదియన్ అనే వెబ్ నవలల సైటు 2003లోనే తెచ్చింది. నిడివిని బట్టే రాబడి కనుక అక్కడ వెయ్యి అధ్యాయాలు దాటిన నవలలు వింతేమీ కాదు. నాది 860 అధ్యాయాల నవల, అంటే ఉచితమైనవి పోను 7,380 కాయిన్లు. ఆ లెక్క నేను కొన్న తరువాత వేశాను. రెండో పని, చాలా తక్కువ కాయిన్లు కొని, మూడో లోకంలో ఒకటి, చివరి వందలో ఒకటి చొప్పున అధ్యాయాలను తెరిచి చూడటం. వరుస తప్పి తెరవనివ్వని యాప్ అయితే, పాఠకుల వ్యాఖ్యలలో మొదటి అధ్యాయాల కింద ఉన్నవాటిని వదిలి, ముందుకు వెళ్లాక వచ్చే అధ్యాయాల కింద ఉన్నవాటిని చదవండి. నా నవలకు 121వ అధ్యాయం కింద ముగ్గురు ఇదే సంగతి రాసి ఉన్నారు, నేనే చూడలేదు. బోనస్ కాయిన్లకు గడువు ఉంటుందేమో కూడా చూసుకోండి.

నా ఖాతాలో ఇంకా 750 కాయిన్లు మిగిలాయి. ఆటో అన్‌లాక్ ఆపేశాను. మనిషి అనువదించినదని చివరిదాకా నమ్మకంగా చెప్పగలిగే నవల ఏదైనా మీకు తెలిస్తే, అది ఎన్ని లోకాలదో, మీరు ఏ అధ్యాయం దాకా చదివారో కూడా కలిపి చెప్పండి.