ఆ నీలం క్యాన్లు కొనకండి. స్క్రీన్‌షాట్‌లో పొగిడింది నేనే, నమ్మకండి

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, అక్షర దోషాలుంటే సర్దుకోండి. కారవాన్ (కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) టాయిలెట్‌లో వాసన రాకుండా, మలం కరిగేలా పోసే మందు ఐదు లీటర్ల క్యాన్లలో అమ్మే ఆయన మీ అందరికీ తెలుసు. పేరు రాస్తే అడ్మిన్ గారు పోస్ట్ లేపేస్తారు, అందుకే రాయట్లేదు. "అదే సరుకు, సగం రేటు" అని మన గ్రూపులో వారం వారం పెడతాడే, ఆయనే. ఆ పోస్టు కింద "తమ్ముడూ, వాసన అదిరింది, థాంక్స్" అని ఒక స్క్రీన్‌షాట్ ఉంటుంది చూశారా? ఆ మహాతల్లిని నేనే. జూలైలో క్యాన్ ఇంటికి రాగానే మూత తీసి, వాసన చూసి, మురిసిపోయి పెట్టిన మెసేజ్ అది. వాడి చూసి పెట్టింది కాదు. బిర్యానీ హోటల్ ముందు నుంచి నడిచి వెళ్ళి రివ్యూ రాసినట్టు.

రెండు క్యాన్లు ముప్పై పౌండ్లు. షాపులో రెండు లీటర్ల సీసా రేటు చూసి చూసి విసిగి ఉన్నాను, పైగా మన తెలుగువాడే కదా అనుకున్నా. "అక్కా, క్యాసెట్ రబ్బరు సీలుకి వాజిలైన్ రాయండి, ఏళ్ళ తరబడి వస్తుంది" అని వాట్సాప్‌లో ఉచిత సలహా కూడా ఇచ్చాడు. క్యాసెట్ అంటే టాయిలెట్ కింద ఉండే, బయటికి లాగి పారబోసుకునే డబ్బా. రాశాను. శ్రద్ధగా, వేలితో చుట్టూ తిప్పి తిప్పి రాశాను.

మొన్న ఆగస్టు బ్యాంక్ హాలిడేకి అత్తయ్య గారిని, మావయ్య గారిని తీసుకుని నార్త్ వేల్స్ వెళ్ళాం. ఐదు కారవాన్లకు మించి ఉంచరే, ఆ పొలం సైటు. స్నానాల గదుల్లేవు, ఒక కుళాయి, క్యాసెట్ పారబోసే గుంట, అంతే. అంటే నలుగురు పెద్దవాళ్ళకీ ఒక పిల్లాడికీ కారవాన్‌లోని టాయిలెట్టే దిక్కు. మనవాళ్ళకి కాగితంతో పని జరగదు, చెంబుడు నీళ్ళు పడాల్సిందే. ఆ క్యాసెట్ పట్టేది పద్దెనిమిది లీటర్లు. అది నిండిందని చెప్పే ఎర్ర లైటు రోజుకి రెండుసార్లు వెలిగింది. సరే, అది మన లెక్కే, క్యాన్ తప్పు కాదు. కానీ ప్రతిసారీ కడిగి, రెండు లీటర్ల మంచినీళ్ళు పోసి, ఆయన చెప్పిన దానికి రెట్టింపు మందు వేశాను. రెండో రోజు మధ్యాహ్నానికి అమ్మోనియా ఘాటు! కళ్ళు మండాయి. అత్తయ్య గారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మీ పల్లె ఇంట్లో పశువుల కొట్టం ఇంతకన్నా నయమే అమ్మాయ్" అన్నారు. మా పుట్టిల్లు పల్లెటూరని ఎప్పుడు గుర్తు చేద్దామా అని చూసే మనిషి, ఇక ఊరుకుంటుందా.

ఆ సాయంత్రం క్యాసెట్ బయటికి లాగబోతే రాలేదు. బలంగా లాగితే వచ్చింది, నీలం చుక్కలు కారుస్తూ. వాజిలైన్ తాగిన రబ్బరు ఉబ్బి, అంచు మెలికపడి, కింద జారే మూత పూర్తిగా మూసుకోవట్లేదు. మా ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, బార్బెక్యూలు చేసుకుంటున్న రెండు కుటుంబాల మధ్య నుంచి, పచ్చిక మీద చుక్కలు పెట్టుకుంటూ నడుస్తుంటే నేను కర్టెన్ వేసేసుకున్నా. పారబోసేటప్పుడు గాలి వదిలే బటన్ నొక్కి పట్టుకోవాలి కదా, ఆ కంగారులో నొక్కలేదు. గ్లబ్ గ్లబ్ మని వెనక్కి తన్నింది. కొత్త బూట్లు. ఇంకేం రాయను.

ఇప్పుడు అసలు సంగతి. నేను కోప్పడకుండానే ఫోన్ చేశా. "తమ్ముడూ, ఇది పని చేయట్లేదు, సీలు కూడా పోయింది, ఏం చేద్దాం?" అన్నా అంతే. అటువైపు రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత, "చూడండి మేడమ్" అన్నాడు. జూలైలో అక్కని, ఆగస్టుకి మేడమ్‌ని అయిపోయా. "చూడండి మేడమ్, మీవాళ్ళు చెంబులు చెంబులు పోస్తే ఏ మందైనా పల్చబడుతుంది. కారవాన్ వాడటం రానివాళ్ళు కొనకూడదు. వాజిలైన్ నేను చెప్పలేదు, చెప్పినట్టు రుజువు ఉందా?" రుజువు వాట్సాప్‌లోనే ఉండాలి. తీరా తీసి చూస్తే, జూలైలో పంపిన వెంటనే తన మెసేజ్ తుడిచేసుకున్నాడు. "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న ముక్క మాత్రం మిగిలింది. "మీవాళ్ళు" అట! మా ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల పుట్టినవాడు, వాళ్ళ ఇంట్లో చెంబు ఉండదు కాబోలు. ముప్పై పౌండ్ల మీద ఇంత మంట లేదు నాకు. ఆ "మేడమ్" దగ్గరే రగిలిపోయా. ఆ మాట విన్న తర్వాత కూడా నేను "సరే అండీ" అని ఫోన్ పెట్టేశాను చూడండి, దానికి నన్ను నేను తిట్టుకోని గంట లేదు.

అది మందు కాదు, రంగు నీళ్ళలో సెంటు. పక్క కారవాన్ పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా లాక్కుని తిరుగుతున్న మనిషి, తెల్ల బకెట్‌లో కొంచెం పోసి, నీళ్ళు కలిపి చేత్తో గిలకొట్టి చూపించాడు. అసలు మందైతే సబ్బులా నురగ రావాలట, ఒక్క బుడగ లేదు. డబ్బా తిప్పి చూస్తే తయారీదారు చిరునామా లేదు, ఎన్ని లీటర్లకి ఎంత వేయాలో లేదు, ప్రమాదకర రసాయనాల మీద ఉండే ఎర్ర అంచు హెచ్చరిక గుర్తు లేదు. ఇవి కొనే రోజే చూడొచ్చు. నేను చూసింది లేబుల్ మీద పువ్వు బొమ్మ. ఇంకోటి, ఆ లేబుల్ మీద "గ్రీన్, సెప్టిక్ ట్యాంకుకి సేఫ్" అని ఉంది, లోపలిదేమో నీలం. ఆ పొలం గుంట దగ్గర "నీలం మందు పోయవద్దు" అని బోర్డే ఉంది. ఫార్మాల్డిహైడ్ లాంటి క్రిములను చంపే రసాయనాలు ఉన్న మందు పోస్తే ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా చచ్చిపోతుంది కదా. యజమానురాలు వచ్చి అడిగితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రంగు నీళ్ళే లెండి, ఆవిడ ట్యాంకుకి ఏం కాలేదు. మోసంలో అదొక్కటే కలిసొచ్చింది.

చవగ్గా ఏం చేయాలంటారా? ఆ పెద్దాయన చేసేదే నేనూ ఇప్పుడు చేస్తున్నా. బట్టలు ఉతికే లిక్విడ్, సూపర్‌మార్కెట్ సొంత బ్రాండ్, సీసా మీద "బయో" అని ఉన్నది. నాన్-బయోలో మురికిని కరిగించే ఎంజైములు ఉండవు, అది దండగ. క్యాసెట్‌లో రెండు మూడు లీటర్ల నీళ్ళు, ఒక మూతెడు లిక్విడ్. వాసన సున్నా అని అబద్ధం చెప్పను, కళ్ళు మండే ఘాటు మాత్రం పోయింది. మందుల కంపెనీలు ఇది ఒప్పుకోవు, వాళ్ళ సీసాలు అమ్ముడుపోవాలిగా. ఫ్లష్ ట్యాంకులో మాత్రం పోయకండి, నురగ నురగే. సెప్టిక్ ట్యాంకున్న సైటైతే ముందు ఓనర్ని అడగండి. లోపల పసుపు గార కడితే నిమ్మ ఉప్పు వేడినీళ్ళలో కలిపి రాత్రంతా ఉంచండి. బ్లీచ్ జోలికి వెళ్ళకండి, సీలు పాడవుతుంది, నిమ్మ ఉప్పుతో కలిస్తే విషవాయువు వస్తుంది. సీలుకి సిలికాన్ స్ప్రే. వాజిలైన్ పెదాలకి.

కొత్త సీలు ఇరవై రెండు పౌండ్లు, బూట్లు అరవై. రెండో క్యాన్ షెడ్డులో మూత కూడా తీయకుండా ఉంది. కావాల్సినవాళ్ళు వచ్చి ఊరికే పట్టుకెళ్ళండి, వాసన మాత్రం నిజంగా అదిరిపోతుంది. నిన్న రాత్రి ఆ క్యాన్లాయన నన్ను బ్లాక్ చేశాడు. పొద్దున మా ఆయన ఫోన్‌లో చూస్తే కొత్త స్టాక్ వచ్చిందట, కింద అదే నా స్క్రీన్‌షాట్.