దతూగాల దగ్గరికి: ఎయాసి బాగుందా, కటేష్ బాగుందా?

దతూగాలు ఉత్తర టాంజానియాలో పశువులు మేపుకునే తెగ. సఫారీ ప్యాకేజీల్లో వాళ్లను చూడటమంటే ఎయాసి సరస్సు దగ్గర ఒక పూట. కరాటు నుంచి మాంగోలా దాకా మట్టిరోడ్డు, ఒళ్లంతా దుమ్ము. అక్కడ స్థానిక గైడ్‌ను పెట్టుకోవాలి. ఆ ఫీజు ప్యాకేజీలో ఉందో లేదో ముందే తేల్చుకోండి. మాకు చివర్లో విడిగా వడ్డించారు.

డ్యాన్సు, ఫొటోలు మొక్కుబడిగా జరిగిపోయాయి. కొలిమి మాత్రం వదలొద్దు. మేకతోలు తిత్తులు రెండు చేతులా ఊదుతూ, పాత ఇత్తడి కుళాయిలు, తాళంకప్పలు కరిగించి కడియాలు పోస్తారు. మేకులు సాగగొట్టి బాణం ములుకులు చేస్తారు. పక్కనే ఉండే హడ్జా వేటగాళ్లు తేనె ఇచ్చి వాటిని పట్టుకెళ్తారు. కడియం బేరమాడితే తగ్గుతుంది.

భాష వినాలనుకుంటే ఇక్కడ ఆశాభంగమే, గైడ్లతో అంతా స్వాహిలీ, ఇంగ్లీషే. అందుకు హనాంగ్ కొండ కింద ఉన్న కటేష్ నయం. బబాటి నుంచి సింగిడా వెళ్లే తారురోడ్డు మీదే ఉంది, బస్సులు ఆగుతాయి. గెస్ట్‌హౌస్ సాదాసీదా: దోమతెర, బకెట్టు వేడినీళ్లు. శాకాహారులకు అన్నం, బీన్స్ కూర, చపాతీ. మూడు పూటలా అదే, పచ్చడి సీసా పట్టుకెళ్లండి.

దతూగా భాషలో ఇక్కడివాళ్లది బరబాయిగ్ మాండలికం, ఎయాసి వైపు ఎక్కువగా గిసమ్‌జంగా. కెన్యాలోని కలెంజిన్ భాషలు దతూగాకు చుట్టాలు. పొరుగునే ఉన్న ఇరాకు తెగ (ఇరాక్ దేశం కాదు) భాష మాత్రం వేరే కుటుంబం. సంతలో పశువుల బేరాల దగ్గర నిలబడితే చాలు, కావలసినంత వినొచ్చు.

అన్నిటికన్నా నాకు నచ్చింది కోడళ్ల మాట. మన అమ్మమ్మలు మొగుడి పేరు ఎత్తేవారు కాదు కదా, అక్కడ కోడలు మామగారి పేరే కాదు, ఆ పేరును పోలిన మామూలు మాటలు కూడా పలకదు. వాటికి బదులుగా వేరే మాటలు వాడుతుంది. ఒక్కో ఇంటి కోడలు మానుకునే మాటలు ఒక్కో రకం!

కటేష్ నుంచి బసోటు వైపు వెళ్తే గోధుమ పొలాలు కనిపిస్తాయి. 1970ల్లో కెనడా సాయంతో, బరబాయిగ్ దతూగాలు పశువులు మేపుకునే భూముల్లో వేసినవి, సుమారు లక్ష ఎకరాలు. ఆ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. ఇది ఏ ప్యాకేజీ గైడూ చెప్పడు.

ఒక్క రోజే ఉంటే ఎయాసి, రెండు రాత్రులు ఉండగలిగితే కటేష్. మార్చి నుంచి మే దాకా వానలు, ఆ నెలల్లో వద్దు. 2023 డిసెంబరు వానలకు హనాంగ్ చరియలు విరిగి కటేష్ చాలా దెబ్బతింది. కొండ ఎక్కాలనుకునేవాళ్లు దారి సంగతి ఊళ్లో కనుక్కోండి.