సెకానియా, లగానాస్: ఒకే అఖాతంలో రెండు దారులు

గ్రీసు దీవి జాకింతోస్ దక్షిణాన ఉన్న అఖాతానికి లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడ సెకానియా తీరాన్ని మూసేశారు, లగానాస్‌ను పర్యాటకానికి వదిలారు.

సెకానియాలో సందర్శకులకు ప్రవేశం లేదు. దాని వెనక నేలను 1994లో వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ గ్రీసు కొన్నది. 1999లో జాతీయ సముద్ర ఉద్యానం ఏర్పడి చట్టం అండ కూడా దొరికింది. మధ్యధరాలో ఈ జాతి గూళ్లు అత్యంత దట్టంగా ఉండే తీరాల్లో ఇదొకటి.

లగానాస్‌లో హోటళ్లు, గొడుగులు, దీపాలు. తల్లి తాబేలు రాత్రి ఒడ్డెక్కుతుంది; పడక కుర్చీ అడ్డొస్తే గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు. గూడు అంత లోతుగా ఉండదు కాబట్టి గొడుగు కర్ర దిగితే గుడ్లు పగులుతాయి. దాదాపు రెండు నెలలకు బయటికొచ్చే పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి. మద్యం బారు దీపం నీటి మెరుపును మించితే సముద్రానికి బదులు రోడ్డు వైపు వెళ్తాయి.

నీటిలో మూడు మండలాలు: ఒకదానిలో పడవలే నిషేధం, రెండోదానిలో లంగరు వేయకూడదు, రెండు, మూడు మండలాల్లో వేగం 6 నాట్లు (గంటకు సుమారు 11 కి.మీ.) దాటకూడదు.

చట్టం రాసినంత మాత్రాన సరిపోలేదు. అదే అఖాతంలోని మరో తీరం దాఫ్నీలో అక్రమ కట్టడాలు, గూళ్ల తీరంలో మోపెడ్‌లు ఆగలేదని 2002లో యూరోపియన్ న్యాయస్థానం గ్రీసును తప్పుపట్టింది. నా దృష్టిలో మిగిలిన ఖాళీ తీరాలకు సెకానియా దారే సరైనది. లగానాస్‌ను ఇప్పుడు మూయలేం. చీకటి పడగానే కుర్చీలు ఎత్తేయడం, దీపాలకు సముద్రం వైపు తొడుగు వేయడం మాత్రం ఈ సీజన్‌లోనే చేయొచ్చు.